లీగ్‌ను పుట్టించిన ఊళ్లు ఎక్కడికి పోయాయి? ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఉత్తరం, దక్షిణం

లాంకషైర్_వాన | శనివారం, రాత్రి 9:40

పదకొండేళ్లుగా ఇంగ్లండ్ ఉత్తరాన లాంకషైర్‌లో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్నాను. వచ్చిన కొత్తలో నాకు తెలిసిన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అంతా హైదరాబాదులో టీవీలో చూసినదే. మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్, చెల్సీ, లివర్‌పూల్. ఇక్కడి రోగులతో మాట్లాడుతుంటే వేరే పేర్లు వినబడ్డాయి: బరీ, ఓల్డం, అక్రింగ్టన్, ప్రెస్టన్. ఎనభై ఏళ్ల పెద్దాయన రక్తపోటు చూపించుకుంటూ, 1960లో బర్న్‌లీ ఇంగ్లండ్ ఛాంపియన్ అయిన సంగతి నిన్న జరిగినట్టు చెబుతాడు. చేతికి పట్టీ చుట్టి ఉన్నా ఆ చేత్తోనే గోల్ ఎటు నుంచి వచ్చిందో చూపిస్తాడు.

1888లో పన్నెండు క్లబ్బులు కలిసి ప్రపంచంలో మొదటి ఫుట్‌బాల్ లీగ్ పెట్టాయి. అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్, బోల్టన్, బర్న్‌లీ, ఎవర్టన్, ప్రెస్టన్ లాంకషైర్ క్లబ్బులు. మిగిలిన ఆరు దేశం నడిమి భాగమైన మిడ్లాండ్స్‌వి. లండన్ నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఇప్పుడు 2024-25 ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై డివిజన్) జాబితా తీసుకోండి. ఇరవై క్లబ్బుల్లో లండన్‌వే ఏడు. బోర్న్‌మత్, బ్రైటన్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లను కలిపితే దక్షిణాది క్లబ్బులు పదకొండు. ఉత్తరాదివి ఐదు. ఆ ఐదూ లివర్‌పూల్, మాంచెస్టర్, న్యూకాసిల్ అనే మూడు నగరాలవే. యార్క్‌షైర్ మొత్తానికి ఒక్కటి కూడా లేదు. నేను రోజూ కారులో దాటిపోయే మిల్లు ఊళ్ల నుంచి ఒక్కటీ లేదు.

2025-26 సీజన్‌కు లీడ్స్, బర్న్‌లీ, సండర్లాండ్ కింది డివిజన్ నుంచి పైకి వచ్చాయి కాబట్టి ఉత్తరం లెక్క ఎనిమిదికి చేరింది. సంతోషమే. కానీ ఎంతకాలం? ఈ మార్పు ఎందుకు జరిగిందో, దీన్ని అన్యాయం అనవచ్చో లేదో ఇక్కడివాళ్ల అభిప్రాయం తెలుసుకోవాలని ఉంది.


థేమ్స్_ఒడ్డున | శనివారం, రాత్రి 10:15

డాక్టరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ లెక్కను ఒకవైపు నుంచే చూశారు. ట్రోఫీలు ఎవరి దగ్గర ఉన్నాయి?

ప్రీమియర్ లీగ్ మొదలైన నాటి నుంచి 2025 వరకు ముప్పై మూడు టైటిళ్లు. మాంచెస్టర్ యునైటెడ్ 13, మాంచెస్టర్ సిటీ 8, లివర్‌పూల్ 2, బ్లాక్‌బర్న్ 1. ఉత్తరానికి మొత్తం ఇరవై నాలుగు. లండన్‌కు చెల్సీవి ఐదు, ఆర్సెనల్‌వి మూడు, కలిపి ఎనిమిది. మిగిలిన ఒక్కటి 2016లో మిడ్లాండ్స్ క్లబ్బు లెస్టర్ గెలిచింది. 2017లో చెల్సీ తరువాత 2025 దాకా లండన్‌కు టైటిల్ రాలేదు. యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బులన్నిటిలో ఛాంపియన్‌కు ఇచ్చేది) సంగతికి వస్తే 2012లో చెల్సీ గెలిచేదాకా లండన్ నగరానికి అది లేనే లేదు. అప్పటికే లివర్‌పూల్ ఐదు గెలిచింది, నాటింగ్‌హామ్ రెండు గెలిచింది.

దేశ రాజధాని, అందరికంటే డబ్బున్న నగరం, అయినా ఆటలో రెండో స్థానం. లండన్‌వాళ్లం మేము అన్యాయం చేశామంటే నాకు నమ్మకం కుదరడం లేదు.


లెక్కల_పుస్తకం | శనివారం, రాత్రి 11:52

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అయితే ఇద్దరూ రెండు వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నారు. టైటిళ్లు శిఖరం సంగతి. డాక్టరు గారు అడుగుతున్నది కింది నేల సంగతి. కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను, పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మొదట్లో ఈ ఆట దక్షిణాది దొరబిడ్డలది. 1872లో మొదటి ఎఫ్.ఎ. కప్ (ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో నడిచే దేశీయ పోటీ) దగ్గర నుంచి పదేళ్ల పాటు పెద్ద ప్రైవేటు బడుల్లో చదివినవాళ్ల జట్లే గెలిచాయి. 1883 ఫైనల్‌లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే కార్మికుల జట్టు ఓల్డ్ ఎటోనియన్స్‌ను అదనపు సమయంలో 2-1 తేడాతో ఓడించింది. కప్పు ఉత్తరానికి వెళ్లింది. అసలు గొడవ అక్కడే మొదలైంది. మిల్లులో పనిచేసేవాడు శనివారం ఆటకు వెళ్తే కూలి పోతుంది. ఆ కూలి క్లబ్బు ఇవ్వాలి. డబ్బు తీసుకుని ఆడడం తప్పని దక్షిణాది పెద్దలు పట్టుబట్టారు. 1884లో లండన్ జట్టు అప్టన్ పార్క్ ఫిర్యాదు చేస్తే ప్రెస్టన్‌ను కప్పు నుంచే తీసేశారు. ఉత్తరాది క్లబ్బులు విడిపోతామని బెదిరించాక 1885లో వృత్తి ఆటగాళ్లకు అనుమతి వచ్చింది. జీతం ఇచ్చాక ఆదాయం ఖాయంగా ఉండాలి, అందుకు మ్యాచ్‌లు ఖాయంగా ఉండాలి. ఆ అవసరంలోంచి పుట్టిందే 1888 లీగ్. అంటే ఈ లీగ్ ఉత్తరాది కూలి మనిషి అవసరం కోసం పుట్టింది. నాకు ఈ వాస్తవం ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

దక్షిణం నుంచి మొదట చేరినది వూలిచ్ ఆర్సెనల్, 1893లో. అదీ ఆయుధ కర్మాగారం కార్మికుల జట్టే. లీగ్ టైటిల్ మొదటిసారి దక్షిణానికి వచ్చింది 1931లో, ఆర్సెనల్‌కే. ఆ జట్టును తీర్చిదిద్దిన హెర్బర్ట్ చాప్‌మన్ ఎక్కడివాడు? యార్క్‌షైర్ గని కార్మికుడి కొడుకు. హడర్స్‌ఫీల్డ్‌ను 1924, 1925లో ఛాంపియన్‌గా నిలబెట్టి, లండన్ పిలవగానే వెళ్లాడు. హడర్స్‌ఫీల్డ్ మరుసటి ఏడాది కూడా గెలిచి, ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ గెలవలేదు. 2024లో మూడో డివిజన్‌కు పడిపోయింది.

చిన్న ఊళ్లు అప్పటికీ ఎందుకు బతికాయంటే రెండు గోడలు కాపు కాశాయి. ఒకటి, ఆటగాడి వారం జీతానికి గరిష్ఠ పరిమితి. 1961లో అది ఎత్తివేసే నాటికి 20 పౌండ్లు. లండన్‌లో ఆడినా బర్న్‌లీలో ఆడినా అంతకు మించి లేదు, ఇక ఊరు వదలడం ఎందుకు? పరిమితి పోగానే ఫుల్హం క్లబ్బు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌండ్లు ఇచ్చింది. ఫుల్హం ఉన్నది లండన్‌లోనే. జీతం పెంచమని అడిగిన ఆటగాళ్లది ఏమాత్రం తప్పు కాదు, అది వాళ్ల హక్కు. కానీ బర్న్‌లీ 1960 తరువాత మళ్లీ ఛాంపియన్ కాలేదు.

రెండో గోడ, టికెట్ల డబ్బులో వాటా. అతిథి జట్టుకు కూడా వసూళ్లలో కొంత పంచేవారు. చిన్న క్లబ్బు పెద్ద మైదానానికి వెళ్లి ఆడితే ఏడాదికి సరిపడే ఆసరా. 1983లో అది తీసేశారు. ఎవరి గేటు డబ్బు వారిదే. ఆ తరువాత 1992లో ప్రీమియర్ లీగ్ విడిపోయి టీవీ హక్కుల డబ్బును పైన ఉన్నవాళ్లే పంచుకోవడం మొదలైంది.

ఆ మొదటి సీజన్ జాబితా చూడండి: ఇరవై రెండు క్లబ్బుల్లో పది ఉత్తరాదివి. షెఫీల్డ్ నుంచే రెండు. ఓల్డం కూడా ఉంది. అదే ఓల్డం 2022లో నాలుగు డివిజన్లూ దాటి లీగ్ బయటికి పడిపోయింది. ప్రీమియర్ లీగ్‌లో ఆడిన క్లబ్బు అలా పడిపోవడం అదే మొదటిసారి. 2025లో మళ్లీ ఎక్కింది, అది వేరే ఆనందం.


టైన్_వంతెన | ఆదివారం, ఉదయం 8:05

లెక్కల అన్నా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను న్యూకాసిల్‌లో ఉంటాను, ఇక్కడి నుంచి కనబడేది చెబుతాను.

2025 మార్చి 16. లీగ్ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించాం. డెబ్బై ఏళ్ల తరువాత పెద్ద దేశీయ ట్రోఫీ. మొదటి గోల్ కొట్టిన డాన్ బర్న్ ఇక్కడికి దగ్గరలోని బ్లైత్‌లో పుట్టినవాడు. ఆ రాత్రి మా ఇంటి కింద చేపల వేపుడు దుకాణం పెద్దాయన షట్టరు సగం దించి, లోపల కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న 1955 కప్పు చూశాడట. మధ్యలో మొత్తం ఒక మనిషి జీవితం గడిచిపోయింది.

అయితే ఆ విజయం వెనక డబ్బు టైన్ నది ఒడ్డున పుట్టినది కాదని నాకు తెలుసు. 2021లో సౌదీ నిధి క్లబ్బును కొన్నది. సిటీని 2008లో అబుదాబి వాళ్లు కొన్నారు. థేమ్స్ గారు చెప్పిన ఇరవై నాలుగు టైటిళ్లలో సిటీవి ఎనిమిది ఆ డబ్బుతో వచ్చినవే. కాబట్టి టైటిళ్ల పట్టిక చూసి ఉత్తరాది బాగుందని అనుకోవడం సరికాదు. ఉత్తరాదిలో ఒకటి రెండు ఇళ్లకు బయటి నుంచి ధనవంతుడైన అల్లుడు దొరికాడు, అంతే. ఊరు ఊరంతా బాగుపడలేదు.

నది అవతల సండర్లాండ్ మాకు ప్రత్యర్థి, అయినా వాళ్ల గురించి చెప్పక తప్పదు. వాళ్ల స్టేడియం 1993లో మూతపడిన బొగ్గు గని స్థలంలో కట్టారు. బయట గని కార్మికుడి దీపం బొమ్మ నిలబెట్టారు, అందుకే దాని పేరు స్టేడియం ఆఫ్ లైట్, అంటే వెలుగు మైదానం. మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు, 2018 క్రిస్మస్ మరునాడు బ్రాడ్‌ఫర్డ్‌తో మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. అదే సమయంలో ప్రీమియర్ లీగ్‌లో ఆడుతున్న బోర్న్‌మత్ మైదానంలో పట్టేది పదకొండు వేల చిల్లర. జనం లేక ఉత్తరాది క్లబ్బులు పడిపోయాయని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి.

ఇంకొక మాట. 2008 నుంచి ఎఫ్.ఎ. కప్ సెమీఫైనళ్లు అన్నీ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలోనే. 2022 ఏప్రిల్‌లో సిటీకి, లివర్‌పూల్‌కు సెమీఫైనల్ పడింది. రెండు నగరాల మధ్య దూరం యాభై కిలోమీటర్లు. ఇద్దరూ మూడు వందల కిలోమీటర్లు దిగి లండన్‌కు వెళ్లాలి. ఆ వారాంతం రైలు మార్గం పనుల వల్ల ఆ నగరాల నుంచి లండన్‌కు నేరుగా రైళ్లే లేవు. చివరికి ఉచిత బస్సులు వేశారు. మ్యాచ్‌ను మాత్రం కదల్చలేదు. దూరాన్ని ఎవరు భరించాలన్నది ప్రతిసారీ ముందే తేలిపోయి ఉంటుంది.


థేమ్స్_ఒడ్డున | ఆదివారం, ఉదయం 10:30

సెమీఫైనల్ విషయంలో నేను మీతోనే ఉన్నాను. అది ముమ్మాటికీ తప్పు. పాత పద్ధతిలో బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లోనో, మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనో ఆడించాలి.

కానీ దక్షిణం అంటే ఆర్సెనల్, చెల్సీ మాత్రమే కాదని కూడా చూడండి. పోర్ట్స్‌మత్ 1949, 1950లో వరుసగా ఛాంపియన్. 2010లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, 2012లో మళ్లీ వెళ్లింది, నాలుగో డివిజన్ దాకా జారిపోయింది. సౌత్ఎండ్ 2021లో లీగ్ నుంచే పోయింది. వింబుల్డన్‌కు జరిగింది అన్నిటికంటే దారుణం. లండన్‌లోని ఆ క్లబ్బును అక్కడి నుంచి లేపి మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తీసుకుపోయారు. అభిమానులు పార్కులో ఆటగాళ్లను ఎంపిక చేసుకుని 2002లో అట్టడుగు నుంచి సొంత క్లబ్బు మొదలుపెట్టారు. నేను వాళ్ల మ్యాచ్‌లకే వెళ్తాను.

బ్రైటన్, బ్రెంట్‌ఫర్డ్ ఎదిగింది కేవలం లండన్ గాలి వల్ల కాదు. వాటి యజమానులు టోనీ బ్లూమ్, మాథ్యూ బెన్హం ఇద్దరూ ఆ క్లబ్బులకు చిన్నప్పటి నుంచి అభిమానులు. గణాంకాలు నమ్ముకుని, ఎవరూ చూడని ఆటగాళ్లను వెతికి తెచ్చి నిలబెట్టారు. ఆ పని ప్రెస్టన్‌లో కూడా చేయవచ్చు.


లెక్కల_పుస్తకం | ఆదివారం, ఉదయం 11:10

చేయవచ్చు, కానీ అంత తేలిక కాదు. బ్రెజిల్ నుంచో ఫ్రాన్స్ నుంచో వచ్చే ఇరవై రెండేళ్ల ఆటగాడికి ఒకే జీతం రెండు క్లబ్బులు ఇస్తే లండన్ విమానాశ్రయం, బడులు, అతని భాష మాట్లాడే ఇరుగుపొరుగు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ తేడాను పూడ్చడానికి ఉత్తరాది చిన్న క్లబ్బు ఎక్కువ జీతం ఇవ్వాలి. ఇవ్వగలిగే స్తోమత దానికే తక్కువ. మాంచెస్టర్, లివర్‌పూల్‌కు ఆ ఇబ్బంది లేదు, వాటి పేరే అయస్కాంతం.


మూసీ_మిడ్‌ఫీల్డ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:45

హైదరాబాదు నుంచి. బ్లాక్‌బర్న్ పేరు వచ్చాక ఊరుకోలేకపోతున్నాను. 1995లో ఆ క్లబ్బును ఛాంపియన్ చేసింది ఆ ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు. సొంత ఊరి బిడ్డ సొంత ఊరికి పెట్టిన సొమ్ము. 2010లో దాన్ని కొన్నది పుణెలోని వెంకీస్. ఆ సంస్థకు మూలపురుషుడు బి.వి. రావు గారు మన హైదరాబాదు మనిషి, దేశంలో కోళ్ల పరిశ్రమకు దారి చూపినవారు. అందుకే ఆ రోజు మా నాన్న పేపరు పట్టుకుని ఇల్లంతా తిరిగి అందరికీ చదివి వినిపించారు. మన వాళ్లు ఇంగ్లండ్ క్లబ్బు కొన్నారని.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. 2012లో క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయింది. పడిపోయిన రాత్రి విగన్‌తో మ్యాచ్‌లో ఎవరో బ్లాక్‌బర్న్ జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. టీవీలో ఆ కోడిని చూసి మా నాన్న లేచి వెళ్లిపోయారు. 2017లో మూడో డివిజన్‌కు కూడా దిగి, ఒక్క ఏడాదిలో తిరిగి ఎక్కింది. యజమానులు ఏటా డబ్బు పోస్తూనే వచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ యజమాని ఊళ్లో కనబడకపోతే అభిమానికి డబ్బు కూడా దూరంగానే ఉంటుందని అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన మా హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రహీం సాబ్ శిక్షణ ఇచ్చిన ఊరు ఇది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన భారత జట్టుకు కోచ్ ఆయన. వింబుల్డన్ కథ చదివినప్పుడల్లా ఇప్పుడు మరోలా చదువుతున్నాను.


లాంకషైర్_వాన | ఆదివారం, సాయంత్రం 6:20

మూసీ గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నేను కళ్లతో చూసినది ఒకటి ఉంది, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. 2019 ఆగస్టు 27. బరీ క్లబ్బుకు సాయంత్రం దాకా గడువు. అమ్మకం కుదిరితే లీగ్‌లో ఉంటుంది, లేకపోతే లేదు. 1885లో పుట్టిన క్లబ్బు. 1903 కప్పు ఫైనల్లో డార్బీని 6-0తో ఓడించిన క్లబ్బు. రాత్రి డ్యూటీ దిగి అటువైపు వెళ్లాను. వాళ్ల మైదానం గిగ్ లేన్ గేటు తీసి ఉంది. లోపల జనం, చేతుల్లో చీపుళ్లు, బక్కెట్లు, తడిగుడ్డలు. శనివారం మ్యాచ్ ఉంటుందన్న ఆశతో కుర్చీలు కడుగుతున్నారు. ఒకావిడ తన కుర్చీ ఒక్కదానితో ఆగలేదు, మొత్తం వరుస కడిగింది. నీలిరంగు ప్లాస్టిక్ మీద ఏళ్ల మురికి, గోరుతో గీకి తీస్తోంది. నన్ను చూసి ఏమీ అడగలేదు, ఒక గుడ్డ ఇచ్చింది. నేనూ ఒక గంట తుడిచాను.

ఆ రాత్రి పదకొండు దాటాక క్లబ్బును లీగ్ నుంచి తొలగించారు.

అప్పటి నుంచి నా ప్రశ్న మారలేదు. ప్రీమియర్ లీగ్‌లో చివరి స్థానంలో నిలిచిన క్లబ్బుకు కూడా ఒక సీజన్‌కు వంద మిలియన్ పౌండ్లకు పైగా వస్తుంది. పడిపోయినవాళ్లకు కూడా మూడేళ్ల దాకా ఊరట సొమ్ము ఇస్తారు. అంత డబ్బున్న ఆటలో, ఒక పట్టణం తన కుర్చీలు తానే కడుక్కుని కూర్చున్న రోజున దాన్ని నిలబెట్టడానికి ఏ మార్గమూ లేకపోయింది. థేమ్స్ గారూ, పోర్ట్స్‌మత్ గురించి మీరు చెప్పింది నా మనసులో నాటుకుంది. దక్షిణం శత్రువు అని నేను ఇక అనను. కానీ ఇలాంటి ఊళ్లు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పది కిలోమీటర్లకు ఒక క్లబ్బు, ప్రతి క్లబ్బు వెనక మూతపడిన మిల్లు. నియమాలు అందరికీ ఒకటే అయినా దెబ్బ మాత్రం ఈ ప్రాంతం మీదే ఎక్కువ పడుతోంది.


మైదానం_మాది | ఆదివారం, రాత్రి 7:55

అందరూ పురుషుల ఆట గురించే రాశారు. మహిళల లీగ్‌లో ఇదే సంగతి మన కళ్ల ముందే, పత్రాల మీద సంతకాలతో జరిగింది.

లూసీ బ్రాంజ్, జిల్ స్కాట్, బెత్ మీడ్. 2022లో యూరప్ దేశాల మహిళల కప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులో ఈ ముగ్గురూ సండర్లాండ్‌కు ఆడి ఎదిగినవాళ్లు. 2018లో లీగ్‌ను పునర్వ్యవస్థీకరించి, డబ్బు, సదుపాయాల ప్రమాణాలు పెట్టి లైసెన్సులు ఇచ్చారు. సండర్లాండ్‌కు మొదటి రెండు స్థాయిల్లోనూ చోటు దక్కలేదు, మూడో స్థాయికి పంపారు. మైదానంలో ఓడి కాదు. ఇంగ్లండ్‌కు అంతమంది ఆటగాళ్లను ఇచ్చిన ఊరిని దరఖాస్తు ఓడించింది. 2020 నుంచి 2025 దాకా వరుసగా ఆరు టైటిళ్లు లండన్ క్లబ్బు చెల్సీవే. వాళ్లు బాగా ఆడారు, అందులో సందేహం లేదు.

ప్రెస్టన్‌లో ఫ్యాక్టరీ అమ్మాయిల జట్టు డిక్ కెర్ లేడీస్ 1920లో ఎవర్టన్ మైదానంలో 53,000 మందిని రప్పించింది. మరుసటి ఏడాదే మహిళలకు లీగ్ మైదానాలు ఇవ్వకూడదని ఫుట్‌బాల్ సంఘం నిషేధించింది. అది దాదాపు యాభై ఏళ్లు నడిచింది. మా అమ్మాయి ఇక్కడ అండర్-12లో ఆడుతుంది. ఈ కథ తనకు చెబితే, "ఎందుకు ఊరుకున్నారు?" అని అడిగింది.


టైన్_వంతెన | ఆదివారం, రాత్రి 8:20

అక్కా, సండర్లాండ్ మహిళల సంగతి ఇంత వివరంగా నాకు తెలియదు. ఇక్కడే ఉండి తెలుసుకోకపోవడం నా తప్పు.


లెక్కల_పుస్తకం | ఆదివారం, రాత్రి 9:30

ఒక విషయం జోడిస్తాను. పై నుంచి లెక్కిస్తే ఆరో స్థాయి నేషనల్ లీగ్ ఉత్తరం, దక్షిణం అని రెండుగా ఉంటుంది. ఆ స్థాయిలో దక్షిణాది క్లబ్బులే ఎక్కువ కావడంతో లెక్క సరిపెట్టడానికి గీతను కిందికి జరుపుతారు. 2023-24లో బిషప్స్ స్టార్ట్‌ఫర్డ్‌ను ఉత్తరంలో వేశారు. లండన్‌కు యాభై కిలోమీటర్ల దూరంలోని ఊరు అది! పగలు వేరే ఉద్యోగం చేసుకునే ఆటగాళ్లు బస్సులో న్యూకాసిల్ వైపు ప్రయాణాలు చేశారు. ఆ సీజన్‌లోనే దిగిపోయారు. భూగోళం ఇక్కడ దక్షిణాదివాళ్లనే దెబ్బతీసింది. పైన డబ్బు అటు వంగి ఉంటే, కింద క్లబ్బుల సంఖ్య అటు వంగి ఉంది. రెండింటి బరువూ మోసేది చిన్న క్లబ్బు బస్సే.

2025లో ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చింది, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. యజమానుల అర్హతను పరిశీలించే అధికారం దానికి ఉంది. పై లీగ్, కింది లీగ్ డబ్బు పంపకంలో తేల్చుకోలేకపోతే జోక్యం చేసుకోవచ్చు కూడా. బరీ నాటికి ఇది ఉండి ఉంటే? అదే ఏడాది అక్టోబరులో షెఫీల్డ్ వెన్స్‌డే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, పన్నెండు పాయింట్లు కోత పడింది. 1867 నాటి క్లబ్బు. చట్టం వచ్చినా పాత గాయాలు ఇంకా తెరుచుకునే ఉన్నాయి.


థేమ్స్_ఒడ్డున | ఆదివారం, రాత్రి 9:48

నేను మొదట రాసిన ముప్పై మూడు టైటిళ్ల లెక్క తప్పు కాదు. కానీ అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదని ఒప్పుకుంటున్నాను. డాక్టరు గారూ, బరీ ఇప్పుడు ఎలా ఉంది?


లాంకషైర్_వాన | ఆదివారం, రాత్రి 10:05

2023 నుంచి మళ్లీ గిగ్ లేన్‌లో ఆడుతున్నారు. చాలా కింది స్థాయి, అయినా అదే గేటు, అవే నీలి కుర్చీలు. వచ్చే శనివారం మ్యాచ్‌కు మా అబ్బాయిని తీసుకువెళ్తున్నాను. మీరు మాంచెస్టర్ దాకా రైలులో రండి, అక్కడి నుంచి ట్రాము ఉంది. స్టేషనుకు నేను వస్తాను. చలి ఎక్కువగా ఉంటుంది, మఫ్లరు మరచిపోకండి.


థేమ్స్_ఒడ్డున | ఆదివారం, రాత్రి 10:11

వస్తున్నాను. ఆ కుర్చీల వరుస ఏదో చూపించండి, అక్కడే కూర్చుందాం.